కోచ్ కోసం కాదు, కంప్యూటర్ గది తాళం కోసం అడుగుదాం



రెండు వారాలుగా మన గ్రూపులో చెస్ గురించి చర్చ నడుస్తున్నది. ఒక ఆన్‌లైన్ కోచింగ్ సంస్థవాళ్ళు హాస్టల్ పిల్లలు 20 మందికి 3 నెలలు నేర్పుతమని, పిల్లకు నెలకు 1,200 రూపాయలు తీసుకుంటమని చెప్పిన్రు. మొత్తం 72,000. అంటే ఈ ఏడాది ఉద్యోగాలు చేస్తున్న అన్నలు, అక్కలు జమ చేసిన పైసలు దాదాపు అన్నీ. ఒప్పుకుందామని కొందరు, పైసలు పోటీపరీక్షల పుస్తకాలకే పెట్టాలని కొందరు, అసలు చెస్ మనదే కాదని ఇంకొందరు రాసిన్రు. మేము నలుగురం ఆదివారాలు ఆశ్రమ పాఠశాలకు పోయి పిల్లలతో ఆడేవాళ్ళం. మా అభిప్రాయం కూడా చెప్పమని అడిగిన్రు కాబట్టి రాస్తున్నం. పోస్టు పొడుగైతది, జర ఓపికతో చదవండి.

మా మాట ముందే చెప్తున్నం. ఆ పైసలు ఆ ప్యాకేజీకి పెట్టొద్దు. చెస్ నేర్పొద్దని కాదు, నేర్పాల్సిందే, 20 మందికి కాదు ఇంకా ఎక్కువ మందికి నేర్పాలె. కానీ వాళ్ళు అమ్ముతున్నదాంట్లో సగానికి పైగా ఫ్రీగా దొరుకుతది. ఇంటర్నెట్ లేకున్నా నడుస్తది. మన బడులల్ల దుమ్ము పట్టి ఉన్న కంప్యూటర్ల మీదనే నడుస్తది.

మన హాస్టల్లో చెస్ ఎట్ల ఉంటదో చదువుకున్నోళ్ళందరికీ తెలుసు. ఒక అట్ట బోర్డు, రెండు మూడు బంట్లు పోయి ఉంటయి, వాటి జాగల సీసా మూతలు. ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో ఒక పిలగాడు ఉంటడు, హాస్టలంతా వాడే గెలుస్తడు. ఎట్ల గెలుస్తడో దగ్గర కూసుండి చూడండి. నాలుగు ఎత్తుల మ్యాట్. రాజు ముందటి బంటును జరుపుతడు, ఒంటెను (కొందరు శకటు అంటరు) బయటికి తీస్తడు, మంత్రిని తీస్తడు, ఎదుటి రాజు పక్కనున్న ఒంటె ముందటి బంటు మీద పడతడు. ఆట ఖతం. చిన్న పిల్లలంతా పడిపోతరు. మూడేండ్లు అదే ఎత్తు, అదే గెలుపు.

అదే పిలగాడిని జోనల్ మీట్‌కు తీసుకపోతే ఎదుటి పిల్ల ఒక బంటు ముందుకు పెట్టి మంత్రిని తరుముతది. గుర్రం తీసి మళ్ళీ తరుముతది. మనోడి మంత్రి బోర్డంతా ఉరుకుతనే ఉంటది, ఆ లోపల ఎదుటోళ్ళ సైన్యం మొత్తం బయటికి వచ్చి నిలబడుతది. ఇరవై నిమిషాల్ల అయిపోతది. వాపస్ వచ్చేటప్పుడు బస్సుల ఆ పిలగాడు ఎవ్వరితోటీ మాట్లాడడు. మనకు తెలివి లేదని అనుకుంటడు. పక్కన ఉన్న సార్లు కూడా ఒక్కోసారి ఆ మాటే అంటరు, నవ్వుకుంట.

తెలివి లేక కాదు. ఆ మూడేండ్లల్ల తనకంటే కొంచెం గట్టి ఆటగాడు ఒక్కడూ వాడికి ఎదురు కాలేదు. కింద ఉన్నోళ్ళందరినీ గెలిచిండు, పైన ఎవ్వరూ లేరు, అక్కడనే ఆగిపోయిండు. వాడి చేతిలో ఓడిపోయే పిల్లల సంగతి ఇంకా అన్యాయం. ఎన్నిసార్లు ఆడినా ఓటమే కాబట్టి పదిరోజులకు బోర్డు ముట్టుడు బంద్ చేస్తరు.

పట్నంలో అకాడమీకి పోయే పిల్లలకు దొరికేది కోచ్ ఒక్కడే కాదు. అక్కడ ఒకే గదిలో ఆరేండ్ల పిల్ల నుంచి రేటింగ్ ఉన్న పెద్ద పిలగాని దాకా ముప్పై మంది ఉంటరు. ఇవాళ ఈ పిల్లను గెలిస్తే రేపు దాని పక్కన కూసున్న పిల్లతో ఆడొచ్చు. రోజూ ఒక మెట్టు పైనున్న మనిషి చేతికి అందే దూరంల ఉంటడు. ఆన్‌లైన్ ప్యాకేజీలో మనకు ఇచ్చేది ఏంది? వారానికి రెండు గంటల క్లాసు, 20 మందికి ఒకే పాఠం, సిగ్నల్ ఉంటేనే. మిగతా ఐదు రోజులు మన పిలగాడు మళ్ళీ ఆ నాలుగు ఎత్తుల మ్యాటే.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలె. చెస్‌ల ఆటగాని బలాన్ని ఎలో రేటింగ్ అనే అంకెతోటి కొలుస్తరు. హంగరీలో పుట్టి, అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన అర్పాద్ ఎలో అనే ఆయన కట్టిన లెక్క అది. అంతర్జాతీయ చెస్ సమాఖ్య, అంటే ఫిడే, 1970 నుంచి వాడుతున్నది. ఆ లెక్క ప్రకారం ఇద్దరి మధ్య తేడా 100 ఉంటే, తక్కువ బలం ఉన్నోడికి 100 ఆటలల్ల సుమారు 36 పాయింట్లు రావాలె. తేడా 200 అయితే 24. 400 అయితే 9 మాత్రమే. 36 వచ్చే కాడ పిల్లలు ఆడుతరు, ఓడినా మళ్ళీ కూసుంటరు, ఎందుకు ఓడినమో వాళ్ళకు అర్థమైతది కూడా. 9 వచ్చే కాడ కూసోరు. పెద్దోళ్ళమైనా కూసోము.

ఇది చదువుతుంటే మీకు ఇంకోటి యాదికి రావాలె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లకు పోంగనే ఫిజిక్స్ కెమిస్ట్రీ అన్నీ ఇంగ్లీషుల. నడుమ మెట్టు లేదు. ఎన్ని నెలలు క్లాసుల నోరు తెరవకుండ కూసున్నమో మనలో చాలామందికి తెలుసు. దానిని దాటినోళ్ళం ఇవాళ ఈ గ్రూపుల ఉన్నం, దాటలేక ఇంటికి పోయినోళ్ళు లేరు. వాళ్ళు మనకంటే తెలివితక్కువ వాళ్ళా? మనకు ఎప్పుడూ ఎదురుగ పెట్టేది 400 తేడా ఉన్న పోటీనే. ఓడినంక తెలివి లేదంటరు. అందుకే చెస్ సాఫ్ట్‌వేర్ లాంటి చిన్న సంగతి మీద ఇంత రాస్తున్నం.

ఇగ అసలు విషయం. లూకస్ చెస్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. స్పెయిన్‌కు చెందిన లూకస్ మోంగే అనే ప్రోగ్రామర్ తయారు చేసి, కోడ్‌తో సహా అందరికీ ఫ్రీగా ఇచ్చిండు. విండోస్ కంప్యూటర్ మీద నడుస్తది. ఒకసారి దించుకుంటే చాలు, తర్వాత నెట్ అక్కర లేదు. పెన్‌డ్రైవ్‌ల పెట్టుకొని ఒక బడి నుంచి ఇంకో బడికి తీసుకపోవచ్చు. ప్రకటనలు రావు, అకౌంట్ అడగదు, మొబైల్ నంబర్ అడగదు.

దాంట్ల పదుల సంఖ్యలో ఇంజిన్లు ఉంటయి. ఇంజిన్ అంటే ఆడే ప్రోగ్రాం, ఒక్కోటి ఒక్కో ఆటగాడు అనుకోండి. అన్నిటికంటే కింద ఉన్నవి కాయలు ఎట్ల జరపాలనో మాత్రమే తెలిసినట్టు ఆడుతయి, మంత్రిని ఊరికనే ఇచ్చేస్తయి. మూడో తరగతి పిల్ల కూడా గెలుస్తది. అక్కడి నుంచి ఒక్కోటి కొంచెం కొంచెం గట్టిగైతది. పైన ఉన్నవి ప్రపంచ చాంపియన్‌ను ఓడించేటంత బలం ఉన్నవి. ఈ సాఫ్ట్‌వేర్ కట్టిందే దీని కోసం: పోటీదారు బలం మెట్టు మెట్టుకూ పెరగాలె, మనకు దొరికే సాయం మెట్టు మెట్టుకూ తగ్గాలె.

సాయం అంటే ట్యూటర్. మనం తప్పు ఎత్తు వేస్తే ఆట ఆపి, నీ ఎత్తు ఇది, ఇంతకన్నా మంచి ఎత్తు ఇది, రెండింటి తర్వాత ఏమైతదో చూసుకో అని పక్కపక్కన చూపిస్తది. నీ ఎత్తే ఉంచుకుంటవా మార్చుకుంటవా అనేది నీ ఇష్టం. ఒక ఆటకు ఇన్ని సలహాలే అని హద్దు పెట్టొచ్చు. ఇది మాకు బాగా నచ్చింది. ఎందుకంటే మన పిల్లలు సార్‌ను అడగడానికి సిగ్గుపడతరు. నలుగురి ముందట 'నాకు అర్థం కాలేదు' అనుడు మనకు చిన్నప్పటి నుంచి కష్టం. మిషన్‌ను అడగడానికి ఏ సిగ్గూ లేదు. పదిసార్లు ఓడినా అది నవ్వదు, కులం అడగదు, ఏ ఊరని అడగదు.

అయితే దాన్ని ఆకాశానికి ఎత్తే పని మేము చెయ్యం. లోపాలు ఉన్నయి. బలమైన ఇంజిన్‌ను బలవంతంగ బలహీనం చేస్తే అది మనిషి లెక్క ఆడదు. స్టాక్‌ఫిష్ అని ఉంది, నార్వే, ఇటలీ, ఫిన్లాండ్ వాళ్ళు ముగ్గురు కలిసి 2008లో మొదలుపెట్టి, ఫ్రీగా ఇచ్చి, తర్వాత ప్రపంచం నలుమూలల వలంటీర్లు పెంచిన ఇంజిన్. ఫోన్‌ల నడిచే స్టాక్‌ఫిష్ కూడా మాగ్నస్ కార్ల్‌సన్‌ను ఓడగొడుతది. దాంట్ల బలం తగ్గించడానికి 0 నుంచి 20 దాకా మెట్లు ఉన్నయి. తగ్గిస్తే ఏం చేస్తదంటే, చాలా ఎత్తులు దేవుడి లెక్క ఆడి, నడుమ నడుమ కావాలని ఒక చెత్త ఎత్తు వేస్తది. పిల్లలు దానికి అలవాటు పడితే 'ఎప్పుడో ఒకసారి అదే ఇస్తది' అని ఎదురుచూస్తరు. అది చెస్ కాదు, చేప కోసం గాలం వేసి కూసున్నట్టు ఉంటది.

దీనికి కూడా జవాబు వచ్చింది. 2020లో కొన్ని యూనివర్సిటీల పరిశోధకులు మైయా అని ఇంజిన్ తయారు చేసిన్రు. మంచి ఎత్తు ఏది అని కాదు, ఈ బలం ఉన్న మనిషి ఇక్కడ ఏ ఎత్తు వేస్తడు అనేది దానికి నేర్పిన్రు. లీచెస్‌లో మనుషులు ఆడిన లక్షల ఆటలు చూపించి 1100 నుంచి 1900 రేటింగ్ దాకా తొమ్మిది రకాలు చేసిన్రు. అది చేసే తప్పులు మనం చేసే తప్పులే. గుర్రం దుముకుడు చూసుకోదు, ఆశపడి బంటును తింటది. లూకస్ చెస్‌ల ఇవి కూడా ఉన్నయి. కింది ఇంజిన్లను దాటిన పిల్లలను మైయా దగ్గర కూసోబెడితే సరిగ్గ సరిపోతది.

ఫోన్ ఉన్న కాలేజీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతరు కాబట్టి అది కూడా చెప్తున్నం. డ్రాయిడ్‌ఫిష్ అనే యాప్‌ల స్టాక్‌ఫిష్ ఉంటది, నెట్ లేకున్నా నడుస్తది, బలం తగ్గించుకోవచ్చు. నెట్ ఉంటే లీచెస్. ఫ్రాన్స్‌ల తిబో డుప్లెసి 2010లో మొదలుపెట్టిండు, విరాళాల మీద నడుస్తది, యాడ్స్ లేవు, పైసలు కట్టినోళ్ళకు ఒకటి, కట్టనోళ్ళకు ఒకటి అనేది లేదు. కంప్యూటర్‌తో ఆడడానికి 8 మెట్లు ఉన్నయి, నీ బలాన్ని చూసుకుంట పజిల్స్ ఇస్తది. ఆ పజిల్స్ 50 లక్షలకు పైనే ఉన్నయి, ఎవరైనా తీసుకొని వాడుకోవచ్చు, ప్రింట్ కూడా తీసుకోవచ్చు. నెట్ లేని హాస్టల్ గోడకు రోజుకు ఒక పజిల్ ప్రింట్ అంటించుడు మేము మొదలుపెట్టినం. అన్నానికి లైన్ల నిలబడ్డ పిల్లలు ప్లేటు పట్టుకొని దాని ముందటనే కొట్లాడుకుంటరు.

ఇగ వ్యతిరేకంగ వచ్చిన మాటలు చూద్దాం.

ఒక అన్న రాసిండు: గుకేష్ గ్రాండ్‌మాస్టర్ అయ్యేదాకా ఇంజిన్ ముట్టలేదట, మీరేమో పిల్లలను మిషన్ ముందట కూసోబెడతమంటున్నరు అని. మంచి ప్రశ్న. గుకేష్ చెన్నైల తెలుగు కుటుంబంల పుట్టినోడు, 2024 డిసెంబర్‌ల సింగపూర్‌ల డింగ్ లిరెన్‌ను గెలిచి 18 ఏండ్లకే ప్రపంచ చాంపియన్ అయిండు. చిన్నప్పుడు ఇంజిన్ వాడనియ్యలేదని ఆయన కోచ్ విష్ణు ప్రసన్న చెప్పింది నిజమే. కానీ దానికి కారణం చూడాలె. ఆట అయిపోంగనే ఇంజిన్‌ను అడిగి జవాబు తెలుసుకుంటే సొంతంగ లెక్క వేసుకునే అలవాటు పోతదని ఆయన భయం. ఇంకోటి, గుకేష్ పక్కన గ్రాండ్‌మాస్టర్ అయిన కోచ్ ఉన్నడు, ఆడడానికి దేశదేశాల టోర్నమెంట్లు ఉన్నయి. మన పిల్ల పక్కన సీసా మూతల బోర్డు ఉంది. వాళ్ళు వద్దనుకున్నది వాళ్ళ దగ్గర ఇంకోటి ఉండంగ వద్దనుకున్నరు.

ఆయన మాటల నుంచి మనం తీసుకోవాల్సింది ఒకటుంది. ఇంజిన్‌తో ఆడాలె, దానిని జవాబులు అడుక్కోవద్దు. అందుకే మేము ఒక పద్ధతి పెట్టుకున్నం. ఆట ఎత్తులన్నీ నోట్‌బుక్కుల రాయాలె. ఓడితే ముందు ఇద్దరు పిల్లలు బోర్డు మీద మళ్ళీ పేర్చుకొని, ఎక్కడ పోయిందో వాళ్ళే తేల్చాలె. ఆ తర్వాతనే మిషన్‌ను అడగాలె. చాలాసార్లు వాళ్ళు చెప్పింది, మిషన్ చెప్పింది ఒకటే అయితది. అట్ల అయిన రోజు వాళ్ళ మొఖాలు చూడాలె.

ఇంకో మాట: చెస్ మనది కాదు, మన ఆటలు, మన విలువిద్య పోతున్నయి, వాటి కోసం పని చేద్దాం అని. ఆ బాధ మాకూ ఉంది. కానీ బండ మీద బొగ్గుతోని గీసి పులి–మేక ఆడిన తాతల పిల్లలం మనం. 3 పులులు, 15 మేకలు. మేకలు తొందరపడితే ఒక్కొక్కటి పోతయి, కలిసి నిలబడితే పులికి కదిలే జాగ లేకుండ చేస్తయి. ముందు నాలుగు ఎత్తులు చూడడం మనకు కొత్త కాదు. మేము పోయే బడిల పులి–మేక తెలిసిన పిల్లలు చెస్‌ల బంట్లను కలిపి నడుపుడు తొందరగ పట్టుకున్నరు. అదొక్కటే కారణమని మేము అనం, కానీ చూసినం. రెండూ ఆడిద్దాం. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు చెస్ పక్కన పులి–మేక పోటీ కూడా పెడదాం, దానికి పెద్దమనుషులనే పిలుద్దాం. విలువిద్యకు వేరే పోస్టు కావాలె, అది తెలిసినోళ్ళు రాయండి.

'కోచ్ లేకుండ ఎవ్వరూ పైకి రారు' అనే మాట కూడా వచ్చింది. ఒప్పుకుంటం. కోనేరు హంపికి వాళ్ళ నాయన అశోక్ గారే కోచ్. 2002లో 15 ఏండ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. ఏటూరునాగారం నుంచి బస్సెక్కితే సుమారు వంద కిలోమీటర్లు వరంగల్. అక్కడి పిలగాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌ల 2800 రేటింగ్ దాటిండు, మన దేశంల ఆనంద్ తర్వాత అది చేసినోడు ఆయన ఒక్కడే. ఆ ఎత్తుకు సాఫ్ట్‌వేర్ ఒక్కదానితో ఎవ్వరూ పోరు. కానీ సున్న నుంచి 1200, 1400 దాకా, అంటే జిల్లా టోర్నమెంట్‌ల నిలబడి ఆడే దాకా పోవచ్చు. అక్కడికి ఎవరు చేరుకున్నరో తెలిసినంక, ఆ ముగ్గురు నలుగురికి మంచి కోచ్‌ను పెడదాం, అప్పుడు పైసలు అడుగుదాం. ఇప్పుడు 20 మందికి ఒకే పాఠం చెప్పించుకుంటే ఆ ముగ్గురు ఎవరో కూడా మనకు తెలవదు.

మరి ఒక్క కంప్యూటర్, ఇరవై మంది పిల్లలు ఎట్ల? దీని గురించి మాకు చాలా మెసేజ్‌లు వచ్చినయి. ముగ్గురు ముగ్గురు జట్టుగ కూసోవాలె. మిషన్‌కు ఎదురుగ ముగ్గురు మాట్లాడుకొని ఒక ఎత్తు వేస్తరు. ఎవరి ఎత్తు ఎందుకు మంచిదో ఒకరికొకరు చెప్పుకోవాలె, వాళ్ళ భాషల చెప్పుకుంటరు, కోయల, గోండిల, లంబాడిల. కోచ్ ఇంగ్లీషుల చెప్పే దానికంటే అది లోపలికి దిగుతది. మిగతా వాళ్ళు బోర్డుల మీద జంటలుగ ఆడుతరు. అరగంటకు మారుతరు. గోడ మీద పెద్ద చార్టు, అడుగున మొదటి ఇంజిన్ పేరు, పైకి ఒక్కో మెట్టు. తెల్లకాయలతో ఒకసారి, నల్లకాయలతో ఒకసారి గెలిస్తేనే పేరు పై మెట్టుకు పోతది. ఎత్తు వాపస్ తీసుకునుడు లేదు. ఒక మెట్టు మీద ఐదుసార్లు ఓడితే ఒక మెట్టు దిగి గెలిచి మళ్ళీ ఎక్కాలె, దిగుడు తప్పు కాదని మొదటి రోజే చెప్పాలె.

పూర్తి బలం ఉన్న స్టాక్‌ఫిష్ కూడా ఒక పనికి వస్తది. ఆట చివరల రాజు, మంత్రి మన దగ్గర, ఒట్టి రాజు దాని దగ్గర పెట్టి మ్యాట్ చెయ్యమనాలె. తర్వాత రాజు, ఏనుగు. అది అంత తొందరగ దొరకదు, అయినా గెలిచేది మనమే. ప్రపంచంల ఎవ్వరూ ఓడించలేని మిషన్‌ను ఐదో తరగతి పిల్ల మ్యాట్ చేసి గదంతా ఎగిరింది. పైగా హాస్టల్ ఆటలల్ల సగం గెలవాల్సినవి మ్యాట్ చెయ్యరాక డ్రా అయితున్నయి, అది కూడా బాగైతది.

ఇదంతా జరగాలంటే కావాల్సింది ఒకటే, కంప్యూటర్ గది తాళం. చాలా ఆశ్రమ పాఠశాలల్ల గది ఉంది, కంప్యూటర్లు వచ్చినయి, బిల్లలు కట్టిన్రు, తాళం వేసిన్రు. ఖరాబైతయని భయం. ఖరాబైతే ఎవరు బాధ్యులు అని సార్ అడుగుతడు, ఆయన మాట కూడా తప్పు కాదు. కాబట్టి మనం నోటి మాటగ కాదు, రాతపూర్వకంగ అడగాలె. వారానికి రెండు రోజులు, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర, మన గ్రూపు సభ్యులు ఇద్దరు దగ్గర ఉంటరు, రిజిస్టర్‌ల సంతకం పెడతరు. ఆ లెటర్ హెచ్‌ఎం సార్‌కు, కాపీ ఐటీడీఏ పీఓ గారికి. కోచింగ్ ఫీజు కట్టుడు సులువు, ఫోన్‌ల పంపిస్తే అయిపోతది. తాళం అడుగుడు కష్టం, నాలుగుసార్లు తిరగాలె. కానీ తాళం తెరిస్తే చెస్ ఒక్కటే కాదు, టైపింగ్ నేర్చుకుంటరు, స్కాలర్‌షిప్ ఫారం వాళ్ళే నింపుకుంటరు.

ఆడపిల్లల బడి సంగతి ప్రత్యేకంగ చెప్పాలె. పోయిన నెల వచ్చిన లిస్టుల 20 పేర్లల్ల నాలుగే ఆడపిల్లలవి. వాళ్ళ హాస్టల్‌కు మగ సీనియర్లు పోవడానికి పర్మిషన్ ఉండదు, అది సరైన నియమమే. అందుకే డిగ్రీ, నర్సింగ్ చదువుతున్న అక్కలు ఇద్దరు ముగ్గురు ముందుకు రావాలె. చెస్ బాగా రావాలని లేదు. సాఫ్ట్‌వేర్ తెరిచి మొదటి మెట్టు చూపిస్తే చాలు, మిగతాది పిల్లలే నడుపుకుంటరు. ఈ పని కాకుంటే మిగతాది ఏం చేసినా సగమే.

పైసల లెక్క. రోల్ చేసే బోర్డు సెట్టు ఒకటి 400 లోపల వస్తది. 20 తీసుకుంటే 8,000. ఎత్తులు రాసే నోట్‌బుక్కులు, పజిల్ ప్రింట్లు, చార్టులు కలిపి ఇంకో 4,000. గడియారాలు కొనొద్దు, పాత ఫోన్ల యాప్ పెట్టుకుందాం. మిగిలిన 60,000 ప్రయాణాలకు ఉంచుదాం. ఎందుకంటే మిషన్‌తో ఎంత ఆడినా, మనిషి ఎదురుగ కూసుంటే చెయ్యి వణుకుతది. అది టోర్నమెంట్లలనే పోతది. స్కూల్ గేమ్స్‌ల చెస్ ఉంది, మండలం, జోన్, జిల్లా అని మెట్లు ఉన్నయి, వాటికి ప్రతి బడి నుంచి పేర్లు పోవాలె. ఫిడే రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నోళ్ళతో కనీసం 5 ఆటలు ఆడి పాయింట్లు తేవాలె. 2024 మార్చి నుంచి రేటింగ్ 1400 దగ్గర మొదలైతది, అంతకంటే తక్కువ వస్తే లిస్టుల పేరే రాదు. అంటే ఆ టోర్నమెంట్లకు తయారై పోవాలె, ఊరికనే పోతే ఎంట్రీ ఫీజు, బస్సు కిరాయి దండగ. వరంగల్‌కో, ఖమ్మానికో నలుగురు పిల్లలను, ఒక సీనియర్‌ను తీసుకపోయి రెండు రోజులు ఉంచాలంటే ఎంత అయితదో మీరే లెక్క వేయండి. పైసలు నిజంగ అడ్డమయ్యేది అక్కడ.

ఇప్పటికి జరిగిన పని: లూకస్ చెస్ మూడు పెన్‌డ్రైవ్‌లల్ల ఎక్కించి పెట్టినం, తెరవడం, ఇంజిన్ ఎంచుకోవడం, ట్యూటర్ పెట్టుకోవడం తెలుగుల రెండు పేజీలు రాసినం. దాంట్ల మాటలన్నీ ఇంగ్లీషుల ఉంటయి కాబట్టి ఆ రెండు పేజీలు గోడకు అంటించాలె. ఎవరి బడికి కావాలో కింద కామెంట్‌ల బడి పేరు, అక్కడ కంప్యూటర్లు ఎన్ని పనిచేస్తున్నయో రాయండి. లెటర్ నమూనా కూడా తయారుంది. వచ్చే ఆదివారం పది గంటలకు మీటింగ్‌ల కోచింగ్ సంగతి ఓటుకు పెడుతున్నరు. కోచింగ్ కావాలనే వాళ్ళు కూడా తప్పకుండ రావాలె, మీ లెక్క మీరు చెప్పండి. అక్కలు ఎవరు ఆడపిల్లల బడికి పోగలుగుతరో అంతకంటే ముందే పేరు ఇస్తే, వాళ్ళ లెటర్ కూడా అదే రోజు సంతకాలు పెట్టి సోమవారం ఇచ్చేస్తం.